నెల తప్పిన ఆరు వారాల్లో ఇరవై వేళ్లు

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో గ్రహణం వస్తుందంటే కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉన్న ఇంట్లో హడావుడి ముందు రోజే మొదలవుతుంది. ఆ పూట ఆమెను గదిలో పడుకోబెడతారు. కత్తి ముట్టనివ్వరు, కూరగాయలు తరగనివ్వరు, సూదిలో దారం కూడా ఎక్కించనివ్వరు. తర్వాత పుట్టిన బిడ్డకు ఒక వేలు తక్కువైనా, రెండు వేళ్లు అతుక్కుని ఉన్నా, చూడవచ్చిన వాళ్ల నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "గ్రహణం నాడు ఏం కోస్తివమ్మా?"

బిడ్డను చూసి అప్పటికే కుమిలిపోతున్న తల్లి మీద ఆ మాట ఎంత బరువు వేస్తుందో చెప్పనక్కర్లేదు. ఆమె గుర్తు చేసుకుంటుంది. నాలుగో నెలలోనో ఆరో నెలలోనో తెలియక వంకాయ కోసిన సంగతి జ్ఞాపకం వస్తుంది. ఇక జీవితాంతం ఆ వంకాయ ఆమెను వదలదు. ఆ ప్రశ్న అడిగే ముందు ఎవరైనా ఒకసారి తేదీలు లెక్కవేసి చూస్తే బాగుండేది. ఎందుకంటే నాలుగో నెల వచ్చేసరికి బిడ్డ చేతులు, కాళ్లు, ఇరవై వేళ్లు ఏర్పడటం ఎప్పుడో పూర్తయిపోయింది. అవి ఏర్పడుతున్న రోజుల్లో ఆ ఇంట్లో సగం మందికి ఆమె కడుపుతో ఉందన్న సంగతే తెలియదు.

ఈ లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆసుపత్రిలో గర్భాన్ని లెక్కపెట్టేది ఆఖరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. పిండం నిజంగా మొదలయ్యేది దానికి సుమారు రెండు వారాల తర్వాత, అండం ఫలదీకరణ చెందిన రోజున. అంటే చీటీ మీద "ఆరు వారాలు" అని రాసి ఉంటే పిండం వయసు నాలుగు వారాలే. నెలసరి సరిగ్గా 28 రోజులకు వచ్చే మనిషికి నెల తప్పిందని తెలిసే రోజున పిండం వయసు దాదాపు 14 రోజులు. చేతికి సంబంధించిన మొదటి గుర్తు కనిపించేది 26వ రోజు ప్రాంతంలో, కాలికి సంబంధించింది 28వ రోజు ప్రాంతంలో. నెల తప్పిన పన్నెండు, పద్నాలుగు రోజులకన్నమాట. అప్పటికి వేవిళ్లు కూడా అందరికీ మొదలై ఉండవు. 56వ రోజుకు, అంటే నెల తప్పిన ఆరు వారాలకు, చేతివేళ్లు, కాలివేళ్లు దేనికది విడిపోయి ఉంటాయి. మిగిలిన ఏడు నెలలు వాటికి పెరుగుదల కాలమే. ఈ వ్యాసంలో ఇకపై చెప్పే రోజులన్నీ పిండం వయసు ప్రకారమే.

ఆ నాలుగు వారాల్లో పిండం ఎంత ఉంటుందో ఊహించడానికి అనంతపురం రైతుకు వేరే కొలబద్ద అక్కర్లేదు. చేతి మొగ్గ వేసేటప్పటికి పిండం మొత్తం పెసర గింజంత. వేళ్ల గీతలు తేలే ఆరో వారం చివరకి ఒలిచిన శెనగ్గింజంత. వేళ్లు విడిపోయే ఎనిమిదో వారం చివరకి పొట్టుతో ఉన్న శెనక్కాయంత, అంటే తల నుంచి పిరుదుల దాకా సుమారు మూడు సెంటీమీటర్లు.

మొదట కనిపించేది నిజంగానే మొగ్గ లాగే ఉంటుంది. పిండం పక్కభాగంలో, మెడ కిందుగా ఒక చిన్న ఉబ్బు. దాన్ని శాస్త్రంలో కూడా మొగ్గ అనే అంటారు. దాని లోపల మెత్తని, ఇంకా ఏ పనికీ కుదురుకోని కణాల ముద్ద ఉంటుంది, పైన పల్చని చర్మపు పొర కప్పి ఉంటుంది. ఎముకలు, కండరాలు, కండరాన్ని ఎముకకు కట్టే నారలు అన్నీ ఆ ముద్దలోంచే వస్తాయి అనుకుంటే సగమే నిజం. ఎముక, మృదులాస్థి, ఆ నారలు ఆ ముద్దలోంచి వస్తాయి. కండరం మాత్రం వలస వచ్చినది. వెన్నుకు రెండు పక్కలా పూసల వరస లాగా ఏర్పడే కణజాలపు గుళ్ల నుంచి కొన్ని కణాలు బయలుదేరి, మొగ్గలోకి నడిచి వచ్చి, అక్కడ కండరాలుగా స్థిరపడతాయి. నరాలు వాటి వెంటే వెన్నుపాము నుంచి సాగుతాయి.

ఆ మొగ్గకు తాను చెయ్యి కావాలో కాలు కావాలో ఎవరు చెప్తారు? ఎంత పొడవు పెరగాలి, బొటనవేలు ఎటు, చిటికెన వేలు ఎటు, అరచెయ్యి ఏ వైపు, గోరు ఏ వైపు అన్నది ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబుల్లో పెద్ద భాగం మనిషి పిండంలోంచి రాలేదు, కోడిగుడ్డులోంచి వచ్చింది. పెంకుకు చిన్న కిటికీ కోసి లోపలి పిల్లను చూడవచ్చు, ఒక చిన్న ముక్క తీసి ఇంకోచోట పెట్టవచ్చు, మళ్లీ మూసి పొదగనివ్వవచ్చు. ఇంట్లో నాటుకోడిని పొదగేసిన వాళ్లందరికీ పిల్ల రావడానికి 21 రోజులని తెలుసు. అందులో మూడో రోజుకే రెక్క మొగ్గ వేస్తుంది.

1948లో జాన్ సాండర్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ రెక్క మొగ్గ కొసన ఉండే సన్నని గట్టును గమనించాడు. పొలం గట్టు లాగే, చర్మపు పొర అంచున కొంచెం పైకి లేచి ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా కోసి తీసేశాడు. పిల్లకు రెక్క మధ్యలోనే ఆగిపోయింది. గట్టును ముందుగా తీసేస్తే భుజం దగ్గరి ఎముక వరకే వచ్చింది. కొంచెం ఆలస్యంగా తీస్తే ముంజేయి కూడా వచ్చింది, వేళ్లు రాలేదు. దీన్నిబట్టి తేలింది ఏమిటంటే, అవయవం భుజం నుంచి వేళ్ల వైపు వరసగా తయారవుతుంది, ఆ వరస సాగడానికి కొసన ఉన్న గట్టు బతికి ఉండాలి. ఆ గట్టు నుంచి ఎఫ్‌జీఎఫ్ అనే ప్రొటీన్లు విడుదలై కింద ఉన్న కణాలను పెరుగుతూ ఉండమని చెప్తూ ఉంటాయి. కింది కణాలు తిరిగి అదే కుటుంబానికి చెందిన మరో ప్రొటీన్‌తో గట్టును బతికిస్తూ ఉంటాయి. ఒకరి మీద ఒకరు ఆధారపడ్డ బంధం అది. 1995లో కొందరు పరిశోధకులు ఈ ప్రొటీన్‌లో నానబెట్టిన చిన్న పూసను కోడిపిల్ల పిండం డొక్కలో, రెక్కకూ కాలికీ మధ్య, పెట్టారు. ఏ అవయవమూ రావాల్సిన అవసరం లేని ఆ చోట అదనంగా ఒక అవయవం మొలిచింది. పెరగమని చెప్పే మాట అంత బలమైనది.

అయితే ఏం పెరగాలో చెప్పేది గట్టు కాదు, కింది కణాలు. కాలి మొగ్గలోని కణాలను తెచ్చి రెక్క గట్టు కింద పెడితే అక్కడ కాలి భాగాలే వస్తాయి. విత్తు సజ్జదైతే మొక్కజొన్న చేలో చల్లినా వచ్చేది సజ్జే కదా. చేతి మొగ్గలో టీబీఎక్స్5 అనే జన్యువు పనిచేస్తుంది, కాలి మొగ్గలో దాని చోట టీబీఎక్స్4, పిటెక్స్1 పనిచేస్తాయి. ఈ టీబీఎక్స్5 గుండె గోడలు ఏర్పడటానికి కూడా కావాలి. అందుకే ఈ జన్యువు దెబ్బతిన్న కొందరు పిల్లల్లో బొటనవేలి లోపంతో పాటు గుండెలో రంధ్రం కూడా ఉంటుంది. పుట్టిన బిడ్డకు బొటనవేలు లేకపోయినా, మరీ చిన్నగా ఉన్నా డాక్టర్లు గుండెకు ఎకో పరీక్ష రాసేది ఇందుకే. "వేలు బాగాలేదని వస్తే గుండెకు పరీక్షేంటి" అని విసుక్కుని ఇంటికి వెళ్లిపోకూడదు.

బొటనవేలు, చిటికెన వేలు తేడా ఇంకా ఆశ్చర్యకరమైన కథ. మొగ్గలో చిటికెన వేలు రావాల్సిన వైపు అంచున ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. 1968లో సాండర్స్, మేరీ గాసెలింగ్ కలిసి ఆ గుంపును తీసి ఇంకో పిల్ల రెక్క మొగ్గలో ఎదురు వైపు అంటించారు. ఆ రెక్కకు వేళ్లు అద్దంలో చూసినట్టు రెండు వైపులా వచ్చాయి. ఆ గుంపు ఏదో రసాయనాన్ని వదులుతోందని, అది దగ్గర ఉన్న కణాలకు ఎక్కువగా, దూరంగా ఉన్నవాటికి తక్కువగా అందుతోందని, ఆ మోతాదును బట్టే ఏ వేలు రావాలో తేలుతోందని అర్థమైంది. కాలువ మొదట్లో ఉన్న మడికీ, చివరి మడికీ నీళ్లు ఒకేలా అందవు. కేసీ కెనాల్ ఆయకట్టు రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ రసాయనం ఏమిటో మాత్రం 1993 దాకా దొరకలేదు. దొరికిన ప్రొటీన్‌కు సోనిక్ హెడ్జ్‌హాగ్ అని పేరు. ఒక వీడియో గేమ్‌లోని ముళ్లపంది పేరు అది. ఇది ఎక్కువగా, ఎక్కువసేపు తగిలిన వైపు చిటికెన వేలు వస్తుంది. బొటనవేలికి దీని అవసరమే లేదు.

ఆరు వేళ్లతో పుట్టిన పిల్లల్లో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది. ఈ ప్రొటీన్‌ను ఎక్కడ, ఎప్పుడు తయారు చేయాలో నియంత్రించే ఒక స్విచ్ లాంటి డీఎన్ఏ ముక్క, అసలు జన్యువుకు దాదాపు పది లక్షల అక్షరాల దూరంలో ఉంటుంది. ఆ స్విచ్‌లో ఒక్క అక్షరం మారితే బొటనవేలి వైపు కూడా సంకేతం మొదలై, అక్కడ అదనపు వేలు వస్తుంది. 2003లో ఈ సంబంధం బయటపడింది. పది లక్షల అక్షరాల అవతల ఒక్క అక్షరం! ఇందులో తల్లి కోసిన కూరగాయకు చోటెక్కడ?

గోరు వైపు, అరచేతి వైపు తేడాను చర్మపు పొర నిర్ణయిస్తుంది. గోరు వైపు చర్మం నుంచి డబ్ల్యూఎన్‌టీ7ఏ అనే సంకేతం వస్తుంది, అరచేతి వైపు ఆ సంకేతాన్ని ఇంకో జన్యువు ఆపేస్తుంది. పొడవు, అడ్డం, పైకింద అనే ఈ మూడు దిక్కుల సంకేతాలు దేని దారిన అవి నడవవు. గట్టు బలహీనపడితే చిటికెన వేలి వైపు సంకేతం కూడా తగ్గుతుంది, అది తగ్గితే గట్టు ఇంకా బలహీనపడుతుంది. అందుకే ఒక్కచోట జరిగిన తప్పు చాలాసార్లు అవయవం మొత్తాన్ని మారుస్తుంది.

ఇదంతా కోడిపిల్ల మీద తెలిసింది కదా, మనిషికి ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. దానికి జవాబు బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఉంది. పాత కర్నూలు జిల్లాలోని ఆ గుహలను 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. ఎన్నో రకాల జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఒక ఖడ్గమృగానికి శాస్త్రీయ నామం కర్నూలు పేరు మీదే పెట్టారు. ఖడ్గమృగం ముందు కాలు, గబ్బిలం రెక్క, కోడి రెక్క, మనిషి చెయ్యి ఏది తీసుకున్నా లోపలి అమరిక ఒకటే. పైన ఒక ఎముక, దాని కింద రెండు ఎముకలు, ఆ కింద చిన్న ఎముకల గుంపు, చివర వేళ్లు. కొన్నిటికి వేళ్లు తగ్గాయి, కొన్నిటికి సాగాయి, అమరిక మాత్రం మారలేదు. దాన్ని తయారు చేసే జన్యువులు కూడా పెద్దగా మారలేదు. ఏ చోట ఏ భాగం రావాలో చెప్పే హాక్స్ అనే జన్యువుల్లో ఒక జట్టు భుజం భాగంలో, ఇంకో జట్టు ముంజేతిలో, మరో జట్టు వేళ్లలో పనిచేస్తాయి. ఆ చివరి జట్టులోని హాక్స్‌డీ13 చెడితే వేళ్లు అతుక్కోవడం, అదనపు వేలు రావడం రెండూ ఒకే చేతిలో కనిపిస్తాయి.

అయిదో వారంలో మొగ్గ కొస చదునై తెడ్డు లాగా అవుతుంది. అదే అరచెయ్యి. అందులో ఆరో వారం చివరకి అయిదు గీతలు తేలతాయి. వేళ్లు బయటికి మొలవవు, తెడ్డు లోపలే ఉంటాయి. వాటి మధ్యలో ఉన్న చర్మం, కణజాలం పోతేనే అవి వేళ్లుగా కనిపిస్తాయి. ఆ మధ్య కణాలు తమంతట తామే చనిపోతాయి. వ్యాధి వల్లో, గాయం వల్లో కాదు, సమయం వచ్చిందని లోపలి నుంచే ఆజ్ఞ అంది చనిపోతాయి. శిల్పి రాతిలో అక్కర్లేనిది తీసేసినట్టు మన చేతివేళ్లు ఏర్పడ్డాయి. 52వ రోజు ప్రాంతంలో చేతివేళ్లు, 56వ రోజు ప్రాంతంలో కాలివేళ్లు పూర్తిగా విడిపోతాయి. బాతు పాదంలో కూడా ఈ ఆజ్ఞ పుడుతుంది. అయితే దాన్ని అడ్డుకునే ప్రొటీన్ ఒకటి వేళ్ల మధ్య ఉంటుంది కాబట్టి చర్మం అలాగే మిగిలి, బాతుకు ఈదడానికి పనికొస్తుంది. కోడికి ఆ అడ్డు లేదు. మనిషి బిడ్డలో ఏదో కారణంగా ఆ మరణం జరగని చోట రెండు వేళ్లు అతుక్కుని ఉండిపోతాయి. సుమారు రెండు మూడు వేల కాన్పుల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. చర్మం మాత్రమే అతుక్కుని ఉంటే సర్జరీతో విడదీయడం ఇవాళ మామూలు పని.

ఏడో వారంలో జరిగే మలుపు గురించి ఎక్కువ మందికి తెలియదు గానీ, మన ఒంట్లో దాని గుర్తులు ప్రతిరోజూ కనిపిస్తాయి. మొదట చేతులూ కాళ్లూ రెండూ పక్కలకు చాచి ఉంటాయి. తర్వాత చెయ్యి దాదాపు 90 డిగ్రీలు బయటికి తిరుగుతుంది, కాలు అంతే మేర లోపలికి తిరుగుతుంది. అందుకే మోచెయ్యి వెనక్కి, మోకాలు ముందుకు చూస్తాయి. చేతికి బొటనవేలు బయటి వైపు ఉంటే, కాలికి లోపలి వైపు ఉండేది కూడా ఇందుకే. కాలు తిరిగినప్పుడు దాని చర్మపు నరాలు కూడా తాడు మెలిపెట్టినట్టు చుట్టుకున్నాయి. నడుములో డిస్క్ నొక్కుకున్న మనిషి నొప్పి పిరుదు నుంచి తొడ వెనక్కి, పిక్క పక్కకు, పాదం మీదికి దిగిందని చెప్పినప్పుడు డాక్టరు ఆ దారిని బట్టే ఏ నరమో గుర్తుపడతారు. చేతి మొగ్గ మెడ కింది భాగానికి ఎదురుగా వేసింది కాబట్టి మెడ ఎముకలు అరిగితే చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. పొలంలో నడుము వంచి కలుపు తీసీ తీసీ కాలు లాగుతోందని చెప్పే పెద్దావిడ నొప్పి దారి, ఆమె తల్లి కడుపులో శెనగ్గింజంత ఉన్నప్పుడు గీసుకున్నదే.

ఎముకల సంగతి కొంచెం వేరు. అవి మొదట చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తని మృదులాస్థితో తయారవుతాయి. ఎనిమిదో వారం నుంచి గట్టిపడటం మొదలై, 12వ వారానికి చేతులు, కాళ్ల పొడుగు ఎముకలన్నిటి మధ్యలోనూ గట్టి ఎముక కనిపిస్తుంది. చివర్లు మాత్రం పిల్లలు ఎదిగి పెద్దయ్యేదాకా మెత్తగానే ఉంటాయి, ఎత్తు పెరిగేది అక్కడి నుంచే. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగిన పిల్లలను చూసి, అది కూడా పుట్టుక లోపమే అనుకునేవాళ్లు ఉన్నారు. రెండూ ఒకటి కాదు. కాలు ఏర్పడటంలో తప్పు లేదు, ఏర్పడిన ఎముక తర్వాతి ఏళ్లలో పాడైంది. ఒకటి పుట్టుకకు ముందు జరిగేది, రెండోది ఊరికి మంచి నీళ్లు తెచ్చి ఆపగలిగేది.

కీళ్లు ఏర్పడాలంటే బిడ్డ కదలాలి. ఏడెనిమిది వారాలకే పిండం చేతులు, కాళ్లు ఆడించడం మొదలుపెడుతుంది. తల్లికి తెలిసేది అయిదో నెలలోనే అయినా ఆ కదలికలు లోపల ఎప్పటి నుంచో సాగుతూనే ఉంటాయి. నరాల జబ్బు వల్లో, ఉమ్మనీరు మరీ తక్కువై చోటు చాలకో బిడ్డ కదలకపోతే కీళ్లు బిగుసుకుపోయి పుడుతుంది.

ఆ నాలుగు వారాలు ఎంత సున్నితమైనవో ప్రపంచానికి తెలిసింది ఒక ఘోరం వల్ల. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. వేవిళ్లు తగ్గుతాయని కడుపుతో ఉన్నవాళ్లు కూడా వాడారు. భుజానికే అరచెయ్యి అతుక్కున్నట్టు, ఇంకా రకరకాల లోపాలతో పుట్టిన పిల్లలు పదివేలకు పైనే అని అంచనా. జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఆ మాత్రను అనుమానించారు, 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి చాలినంత ఆధారాలు లేవని అనుమతి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడం వల్ల ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. తల్లులను అడిగి తేదీలు రాసుకున్నప్పుడు ఒక విషయం స్పష్టంగా తేలింది. మాత్ర వేసుకున్నది 20 నుంచి 36వ రోజు మధ్య అయితేనే ఆ నష్టం. ఆ రోజుల్లో ముందుగా వేసుకున్నవాళ్ల పిల్లలకు చేతులు, తర్వాత వేసుకున్నవాళ్ల పిల్లలకు కాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నాయి. మొగ్గలు వేసే వరస కూడా అదే. అది పిండంలోని ఏ ప్రొటీన్లను నాశనం చేస్తుందో పూర్తిగా విడమర్చి చెప్పడానికి 2010, 2018 పరిశోధనల దాకా ఆగాల్సి వచ్చింది. ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు, కుష్టు వ్యాధిలో వచ్చే తీవ్రమైన వాపులకు ఇవాళ్టికీ ఈ మందు వాడుతున్నారు. అందుకే దాన్ని వాడే ఆడవాళ్లకు గర్భం రాకుండా గట్టి జాగ్రత్తలు చెప్తారు.

గ్రహణం నాటి కత్తి గురించి పడే భయంలో పదో వంతు మందుల షాపు గురించి పడితే నిజమైన మేలు జరుగుతుంది. కడుపు వద్దనుకుని, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడి, మందుల షాపులో మాత్రలు అడిగి మింగేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అందులో ఉండే మిసోప్రోస్టాల్ గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది. కడుపు పోతే పోయింది, పోకుండా నిలబడితే పిండానికి రక్తం అందక వేళ్లు, చేతులు దెబ్బతిన్న బిడ్డలు పుట్టిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి. మాత్రలు మింగిన తర్వాత గర్భం నిలిచి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఫిట్స్‌కు వాడే వాల్ప్రోయేట్ కూడా వెన్నుపూసలకు, అవయవాలకు హాని చేయగలదు. అలాగని ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. పెళ్లయిన వెంటనే, గర్భం రాకముందే, డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి. అదుపులో లేని షుగర్‌ది కూడా ఇదే దారి. ఫోలిక్ యాసిడ్ మాత్రను గర్భం రాకముందు నుంచే వేసుకోమనడానికి కారణం కూడా ఈ క్యాలెండరే. వెన్నుపాము గొట్టం 28వ రోజుకే మూసుకుపోతుంది. ఆశా కార్యకర్త చేతికి మాత్రల షీటు ఇచ్చేసరికి ఆ రోజు దాటిపోయి ఉంటుంది.

రాయలసీమలో ఇంకో మాట కూడా నిదానంగా చెప్పుకోవాలి. మేనరికం. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుకుకు ఇవ్వడం ఇక్కడ ఆస్తి కోసం మాత్రమే చేసేది కాదు, బంధం తెగకూడదన్న ప్రేమతో కూడా చేసేది. జన్యువుల లెక్క మాత్రం ప్రేమను చూడదు. మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో నాలుగో వంతు పంచుకుంటారు. బావామరదళ్లు ఎనిమిదో వంతు పంచుకుంటారు. ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే తాత ముత్తాతల నుంచి బిడ్డకు చేరే అవకాశం మొదటి రకం పెళ్లిలో ఎనిమిదిలో ఒకటి, రెండో రకంలో పదహారులో ఒకటి. మేనరికంలో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, అది కూడా నిజమే. కానీ రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బులకు ఈ పెళ్లిళ్లు దారి తెరుస్తాయి. వాటిలో బార్డెట్-బీడిల్ అనేది ఒకటి. బిడ్డ ఆరు వేళ్లతో పుడుతుంది, లావెక్కుతుంది, బడికి వెళ్లే వయసులో రాత్రిపూట చూపు తగ్గడం మొదలవుతుంది. ఆరో వేలు అదృష్టమని మురిసిపోయి వదిలేయకుండా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించాలనేది ఇందుకే. ఎక్కువ మందిలో అది తండ్రి వైపో తల్లి వైపో వంశంలో వచ్చే ఒంటరి తేడాయే, దానివల్ల ఏ హానీ ఉండదు. ఆ సంగతి డాక్టరు చెప్తే అప్పుడు మురిసిపోవచ్చు.

చాలా కేసుల్లో ఏ మందూ, ఏ మేనరికమూ కారణంగా దొరకదు. కొన్నిసార్లు ఉమ్మనీటి సంచి లోపలి పొర చిరిగి, దాని దారాలు బిడ్డ వేలికో కాలికో చుట్టుకుని, బాగానే ఏర్పడిన వేలు కొస తెగిపోతుంది. దాన్ని చూసినవాళ్లకు నిజంగానే ఎవరో కోసినట్టు అనిపిస్తుంది. గ్రహణం నమ్మకానికి ఇంత బలం రావడానికి ఇలాంటి బిడ్డలే కారణమై ఉండవచ్చు. తెలుగులో పై పెదవి చీలికకు గ్రహణం మొర్రి అన్న పేరే ఉంది. పేరులోనే నింద పెట్టుకున్న జబ్బు అది. ఆ పెదవి కలవాల్సింది కూడా ఆరేడు వారాల్లోనే, వేళ్ల గీతలు తేలే రోజుల్లోనే.

అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో చేతులు, కాళ్ల పొడుగు ఎముకలు కొలుస్తారు, అరచేతులు తెరిచి ఉంటే వేళ్లు కూడా చూస్తారు. పిడికిలి బిగించి ఉంటే వేళ్లు సరిగా కనిపించకపోవచ్చు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలస వెళ్లే కుటుంబాల్లో చాలామందికి ఈ స్కాన్ వేళకు జరగదు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఏడో నెలో, ఎనిమిదో నెలో.

వంకర పాదం మాత్రం మిగతా లోపాల కంటే వేరు. క్లబ్ ఫుట్ అంటారు. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒకరికి వస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెండింతలు ఎక్కువ, సగం మందికి రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉంటాయి. పాదంలో అన్ని ఎముకలూ ఉంటాయి, వేళ్లు అయిదూ ఉంటాయి, వాటి అమరిక మెలిపడి ఉంటుంది. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పోన్సెటీ అనే డాక్టరు పెద్ద ఆపరేషన్ లేకుండా దీన్ని సరిచేసే పద్ధతి కనిపెట్టాడు. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టి, వారానికోసారి పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి పిండికట్టు వేస్తారు. అయిదారు కట్లకు పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ వెనక నరం లాంటి నారను చిన్న గాటుతో వదులు చేసి, ఇంకో మూడు వారాలు కట్టు ఉంచుతారు. ఆ తర్వాత మధ్యలో కడ్డీ ఉన్న బూట్లు. మొదటి మూడు నెలలు రోజంతా, ఆ తర్వాత నిద్రపోయేటప్పుడు, బిడ్డకు నాలుగేళ్లు వచ్చేదాకా వేయాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించి ఉచితంగా చూసే పుట్టుక లోపాల జాబితాలో ఇది ఉంది. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా పెద్దాసుపత్రులు ఉన్నాయి.

కట్లు పూర్తయి, పాదం నిటారుగా వచ్చేసరికి ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, బూట్లు మూలన పడేస్తారు. ఏడాది తిరక్కుండా పాదం మళ్లీ లోపలికి తిరగడం మొదలవుతుంది. ఈ పద్ధతి చెడిపోయేది ఎక్కువగా ఆ బూట్ల దగ్గరే. మిరప కోతలకు మూటాముల్లె సర్దుకుని రైలెక్కే తల్లి ఆ మూటలో బియ్యం, గిన్నెలతో పాటు కడ్డీ ఉన్న ఆ చిన్న బూట్ల జత కూడా పెట్టుకోవాలి, చేను పక్కన వేసుకున్న గుడిసెలో రాత్రి బిడ్డ నిద్రపోయాక తొడగాలి.